ల్యాండ్ క్రూజర్ 300 రీడిజైన్: దాదాపు అన్నీ మార్చారు, ఆ 2,850 మిల్లీమీటర్లు మాత్రం ముట్టుకోలేదు.. ఎందుకు?

మా చిన్నాన్న చాలా ఏళ్లు మాడుగుల నుంచి పాడేరు ఘాట్ మీదుగా కమాండర్ జీపు నడిపాడు. మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో టొయోటా ల్యాండ్ క్రూజర్ 300 వీడియో చూస్తుంటే వెనకాల వచ్చి నిలబడ్డాడు. రెండు నిమిషాలు చూసి, "ఏట్రా, జీపులాగే ఉంది కదా, ఇదెంత?" అన్నాడు. "రెండు కోట్ల పైనే చిన్నాన్నా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు. "మరి ఘాట్ మధ్యలో ఆగిపోతే ఎవులు బాగుసేత్తారు?"

అప్పటికి నవ్వేశాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను చూసిన రివ్యూల్లో స్క్రీన్ ఎన్ని అంగుళాలో ఉంది, స్పీకర్లు ఎన్నో ఉన్నాయి, గ్రిల్ బాగుందా లేదా అనేది ఉంది. ఒక కారుని పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి డిజైన్ చేసినప్పుడు ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అని ఎలా తేలుస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ ఆర్టికల్ దాని గురించే.

ముందే చెప్పేస్తున్నా, ఇది రివ్యూ కాదు. ఈ కారు నేను నడపలేదు. మనలో ఎక్కువమంది కొనేదీ కాదు. కానీ ఒక రీడిజైన్‌ని ఎలా చదవాలో తెలిస్తే, రేపు మీరు 15 వేల ఫోన్ కొన్నా, 12 లక్షల కారు కొన్నా పనికొస్తుంది.

ముందు బేసిక్స్: ఫేస్‌లిఫ్టా, కొత్త జనరేషనా?

ఫోన్లలో మనకు బాగా తెలిసిన ట్రిక్ ఒకటుంది. పాత చిప్‌సెట్, పాత బోర్డు, పాత సెన్సర్ అలాగే ఉంచి, కెమెరా బంప్ ఆకారం మార్చి, కొత్త కలర్ ఒకటి ఇచ్చి "ఆల్ న్యూ" అంటారు. కార్లలో దీని పేరు ఫేస్‌లిఫ్ట్. బంపర్, లైట్లు, గ్రిల్, స్క్రీన్ మారతాయి. కింద ఉన్న అసలు బండి పాతదే.

కొత్త జనరేషన్ అంటే ప్లాట్‌ఫామే మారుతుంది. కారుకి ప్లాట్‌ఫామ్ అంటే ఫోన్‌కి మదర్‌బోర్డు, చిప్‌సెట్, లోపలి ఫ్రేమ్ మూడూ కలిపి అనుకోండి. ఇంజిన్ ఎక్కడ కూర్చోవాలి, బరువు ఎటు పడాలి, వైరింగ్ ఎలా వెళ్లాలి, యాక్సిడెంట్ అయితే దెబ్బ ఎటు పోవాలి.. ఇవన్నీ అక్కడే డిసైడ్ అవుతాయి.

ల్యాండ్ క్రూజర్ 200 వచ్చింది 2007లో. దాని తర్వాతి 300ని టొయోటా చూపించింది 2021 జూన్ 9న. 2007 అంటే మొదటి ఐఫోన్ వచ్చిన ఏడాది! అంత గ్యాప్ తర్వాత వచ్చిన 300 అసలైన కొత్త జనరేషన్. దీని ప్లాట్‌ఫామ్ పేరు జీఏ-ఎఫ్.

మారినవి, మారనివి క్లుప్తంగా:

– ప్లాట్‌ఫామ్: పూర్తిగా కొత్తది
– బరువు: సుమారు 200 కిలోలు తగ్గింది
– డీజిల్ ఇంజిన్: 4.5 లీటర్ల వీ8 పోయి 3.3 లీటర్ల ట్విన్ టర్బో వీ6 వచ్చింది (309 పీఎస్, 700 ఎన్ఎమ్)
– గేర్‌బాక్స్: డీజిల్‌లో 6 స్పీడ్ ఆటోమేటిక్ స్థానంలో 10 స్పీడ్
– స్టార్ట్ బటన్: ఫింగర్‌ప్రింట్ సెన్సర్, టొయోటా కార్లలో ఇదే మొదటిసారి
– చాసిస్ మీద బాడీ పెట్టే పద్ధతి: మారలేదు
– వీల్‌బేస్: 2,850 మి.మీ., మారలేదు

ఈ లిస్టులో నాకు ఎక్కువ ఇంట్రెస్టింగ్‌గా అనిపించినవి చివరి రెండు.

మా చిన్నాన్న అన్నది నిజమే, అది జీపే

కమాండర్ జీపు కింద వంగి చూస్తే ముందు నుంచి వెనక్కి రెండు బలమైన ఇనుప దూలాలు, మధ్యలో అడ్డబద్దలు కనిపిస్తాయి. అచ్చం నిచ్చెన పడుకోబెట్టినట్టు. దాన్నే చాసిస్ అంటాం. ఇంజిన్, యాక్సిల్స్, కమాన్ పట్టీలు అన్నీ దానికే బిగిస్తారు. మనం కూర్చునే బాడీని విడిగా తయారుచేసి పైన పెడతారు.

ఇప్పుడొచ్చే మామూలు కార్లు ఇలా ఉండవు. వాటికి వేరే చాసిస్ లేదు, బాడీ మొత్తం ఒకే పెట్టెలా ఉంటుంది. దాన్ని మోనోకాక్ అంటారు. తేలిగ్గా ఉంటుంది, మలుపుల్లో ఊగదు, మైలేజీ కూడా మెరుగు. పెద్ద లగ్జరీ ఎస్‌యూవీల్లో రేంజ్ రోవర్ ఆ నిచ్చెనను ఎప్పుడో వదిలేసింది.

మరి టొయోటా ఎందుకు వదల్లేదు? 1951లో టొయోటా బీజేగా మొదలైన ఈ బండి బతికింది ఊళ్ల మధ్య రోడ్ల మీద కాదు. ఎడారులు, గనులు, సహాయ సంస్థలు, సరిహద్దు ప్రాంతాలు.. అక్కడ ఒక చక్రం గోతిలో, ఇంకో చక్రం బండరాయి మీద ఉంటుంది. అలాంటప్పుడు బండి మొత్తం మెలితిరుగుతుంది. చాసిస్ ఉంటే ఆ మెలి భారం ఎక్కువగా అదే మోస్తుంది, పైన బాడీ మీద అంత పడదు. ఏళ్ల తరబడి అదే పని చేసినా తలుపులు సరిగ్గా మూసుకుంటాయి. పాడేరు, చింతపల్లి వైపు లోపలి ఊళ్లకు షేర్ జీపులు అన్నేళ్లు అంతమందిని ఎక్కించుకుని తిరగగలిగాయంటే కారణం ఇదే సూత్రం.

మన వార్తల్లో ల్యాండ్ క్రూజర్ ఎక్కువగా వినపడేది కాన్వాయ్‌ల విషయంలో. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, గత ప్రభుత్వం 22 ల్యాండ్ క్రూజర్లు కొని విజయవాడలో పెట్టించిందని, బుల్లెట్ ప్రూఫింగ్‌తో ఒక్కోటి సుమారు 3 కోట్లు అవుతుందని చెప్పారు. రాజకీయం మన సబ్జెక్ట్ కాదు గానీ, కాన్వాయ్‌లకు ఈ బండే ఎందుకు అన్న ప్రశ్నకి సగం జవాబు ఆ నిచ్చెనలో ఉంది. బుల్లెట్ ప్రూఫ్ అంటే తలుపుల్లో ఉక్కు పలకలు, మందపాటి గాజు. వందల కిలోల అదనపు బరువు. దాన్ని మోయడానికి కింద వేరే చాసిస్ ఉన్న బండి సులువుగా ఒప్పుకుంటుంది.

కాబట్టి 300లో టొయోటా చేసింది ఏంటంటే, పద్ధతి పాతదే ఉంచి ఆ నిచ్చెననే కొత్తగా తయారుచేసింది. వెల్డింగ్ పద్ధతి మార్చి చాసిస్‌ని తేలికపరిచి, గట్టిపరిచింది. బానెట్, రూఫ్, తలుపులకు అల్యూమినియం వాడింది. ఇంజిన్‌ని పాతదానికంటే 70 మి.మీ. వెనక్కి, 28 మి.మీ. కిందికి జరిపింది. ఈ మార్పులేవీ షోరూంలో ఫొటోకి పడవు. కానీ ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు బండి పక్కకి ఎంత వాలుతుందో తేల్చేది ఇవే.

2,850: మారని నంబర్ వెనక కథ

వీల్‌బేస్ అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు దూరం. 1989లో వచ్చిన 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌కి ఇది 2,850 మి.మీ. తర్వాత 100 సిరీస్‌కి అంతే, 200కి అంతే. 300కీ అంతే.

మిగతా కంపెనీల్లో ఇలా ఉండదు. కొత్త జనరేషన్ అంటే కొంచెం పొడవు పెంచాల్సిందే అన్నట్టు ఉంటుంది. 2021 అక్టోబర్‌లో వచ్చిన ఐదో తరం రేంజ్ రోవర్ వీల్‌బేస్ 2,922 నుంచి 2,997 మి.మీ.కి పెరిగింది. లాంగ్ వీల్‌బేస్ మోడల్ అయితే 3,197. వీల్‌బేస్ పెరిగితే వెనక సీట్లో కాళ్లు చాపుకోవచ్చు, హైవే మీద కుదుపు తగ్గుతుంది. కస్టమర్‌కి వెంటనే తెలిసే లాభం అది.

నష్టం ఎక్కడ? ఒక పెద్ద స్పీడ్ బ్రేకర్‌నో, మట్టి గట్టునో ఊహించుకోండి. ముందు చక్రాలు దాటేశాయి, వెనక చక్రాలు ఇంకా దాటలేదు. మధ్యలో బండి పొట్ట ఉంది. చక్రాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ పొట్ట గట్టుకి తగిలే అవకాశం అంత ఎక్కువ. గ్రౌండ్ క్లియరెన్స్ నంబర్ ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు. రెండో నష్టం మలుపులో. పొడవైన బండి హెయిర్‌పిన్ తిరగడానికి ఎక్కువ చోటు కావాలి.

రేంజ్ రోవర్ ఈ రెండో సమస్యని టెక్నాలజీతో పరిష్కరించింది. వెనక చక్రాలు కూడా 7.3 డిగ్రీల వరకు తిరుగుతాయి. మెల్లగా వెళ్లేటప్పుడు ముందు చక్రాలకి వ్యతిరేక దిశలో తిరిగి, అంత పెద్ద కారుని 11 మీటర్లలోపు చోటులో తిప్పేస్తాయి. ల్యాండ్ క్రూజర్‌కి సుమారు 11.8 మీటర్లు కావాలి. అంటే పొడవు పెంచిన కారే తక్కువ చోటులో తిరుగుతోంది! కాగితం మీద రేంజ్ రోవర్ గెలిచినట్టే.

కానీ ఆ గెలుపు కోసం వెనక ఒక మోటార్, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ అదనంగా పెట్టాలి. టొయోటా లెక్క వేరు. ఆ సమస్యే రాకుండా చూసుకుంటే పరిష్కారం అక్కర్లేదు, చెడిపోయే పార్ట్ ఒకటి తగ్గుతుంది. రెండూ ఇంజినీరింగే. ఒకటి బండిని తెలివైనదాన్ని చేసింది, ఇంకోటి బండికి తెలివి అవసరం లేకుండా చూసింది.

వీ8 పోయింది, బాధపడాలా?

ఫ్యాన్స్ ఎక్కువగా తిట్టుకున్నది ఇక్కడే. 200లో ఉన్న వీ8 శబ్దం, ఆ బరువైన ఫీలింగ్ ఇక లేదు. నంబర్లు మాత్రం వేరే చెబుతాయి. ఇండియాలో అమ్మిన పాత 4.5 లీటర్ల డీజిల్ సుమారు 265 పీఎస్, 650 ఎన్ఎమ్ ఇచ్చేది. కొత్త 3.3 లీటర్ల ఇంజిన్ 309 పీఎస్, 700 ఎన్ఎమ్ ఇస్తుంది. సిలిండర్లు రెండు తగ్గి, బలం పెరిగింది.

మనకిది కొత్తేం కాదు. ఒకప్పుడు ఫోన్లలో "డెకా కోర్" అని పది కోర్లు చూపించి అమ్మారు. అదే టైంలో రెండు కోర్ల ఐఫోన్ వాటికంటే స్మూత్‌గా పనిచేసింది. కోర్ల లెక్క కంటే ఒక్కో కోర్ ఏం చేస్తుందన్నదే ముఖ్యమని అప్పుడే నేర్చుకున్నాం. సిలిండర్ల విషయంలోనూ అంతే.

అయితే ఒక తేడా ఉంది. టర్బో పెట్టి చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి లాగితే వేడి, ఒత్తిడి పెరుగుతాయి. రెండు టర్బోలు, వాటి కంట్రోల్స్, డీజిల్ పొగని శుభ్రం చేసే సిస్టమ్.. పార్టులు పెరిగాయి. చిన్నాన్న ప్రశ్న గుర్తుంచుకోండి, దానికి మళ్లీ వద్దాం.

స్క్రీన్ గొడవ

లగ్జరీ కార్ల రీడిజైన్‌లో ఇప్పుడు అసలు పోటీ స్క్రీన్ మీదే. 2020 ఫిబ్రవరిలో చూపించిన కాడిలాక్ ఎస్కలేడ్‌లో మొత్తం 38 అంగుళాల కర్వ్‌డ్ ఓఎల్ఈడీ పెట్టారు. రేంజ్ రోవర్‌లో 13.1 అంగుళాల టచ్‌స్క్రీన్. 2022 మోడల్‌లో ఏసీ కోసం స్క్రీన్ కింద గుండ్రటి నాబ్‌లు ఉండేవి, 2024 మోడల్‌కి వచ్చేసరికి వాటిని కూడా తీసేసి స్క్రీన్‌లోకి తోసేశారు.

ల్యాండ్ క్రూజర్ 300లో 12.3 అంగుళాల స్క్రీన్ ఉంది, కానీ దాని కింద బటన్లు కూడా బోలెడు. ఏసీకి, ఆఫ్‌రోడ్ మోడ్స్‌కి, డిఫరెన్షియల్ లాక్‌కి అన్నిటికీ విడివిడిగా. ఫొటోలో చూస్తే "ఇదేంటి 2010 కారులా ఉంది" అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

కానీ ఒక పని చేసి చూడండి. గుంతల రోడ్డు మీద ఆటోలో వెళ్తూ ఫోన్‌లో ఒక చిన్న ఐకాన్ నొక్కండి. వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతుంది. మోడ్ మార్చాల్సింది సరిగ్గా అలాంటి రోడ్డు మీదే కదా. చూడకుండా తడిమి పట్టుకోగల బటన్ అక్కడ పాత టెక్నాలజీ కాదు, సరైన టెక్నాలజీ. యూరప్‌లో కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్, హజార్డ్ లైట్ల లాంటి వాటికి స్క్రీన్‌లో కాకుండా విడిగా కంట్రోల్స్ ఉండాలని, లేకపోతే పాయింట్లు తగ్గుతాయని నిబంధన పెట్టింది.

ఇంకో పాయింట్ కూడా ఉంది. కారులో అన్నిటికంటే ముందు ముసలిదయ్యేది స్క్రీనే. ఇలాంటి బండి ఇరవై ఏళ్లు తిరుగుతుంది. ఇరవై ఏళ్ల కిందటి టచ్‌స్క్రీన్‌ని మీరు ఈరోజు భరించగలరా? ఏసీ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటే?

స్క్రీన్‌ని నిజంగా పనికొచ్చేలా వాడిన ఫీచర్ ఒకటి 300లో ఉంది. మల్టీ టెరైన్ మానిటర్. ముందు కెమెరా తీసిన నేల దృశ్యాన్ని గుర్తుపెట్టుకుని, బండి ముందుకు కదిలాక ఆ భాగాన్ని బండి కింద ఉన్నట్టుగా స్క్రీన్ మీద చూపిస్తుంది. చక్రం పక్కన రాయి ఎక్కడుందో తెలుస్తుంది. జీపు క్లీనర్ కిందికి దిగి, వంగి చూసి "రానీ.. రానీ.. ఆపు!" అని అరిచేవాడే, ఆ పని ఇప్పుడు కెమెరా చేస్తోందన్నమాట.

ఫింగర్‌ప్రింట్ ఉంది, మరి దొంగలు?

మన సైట్ రీడర్లకి ఎక్కువ నచ్చే ఫీచర్ ఇదే. స్టార్ట్ బటన్‌లోనే ఫింగర్‌ప్రింట్ సెన్సర్. తాళం జేబులో ఉన్నా వేలిముద్ర కలవకపోతే స్టార్ట్ కాదు. జపాన్‌లో కార్ల దొంగతనాల జాబితాల్లో ల్యాండ్ క్రూజర్ పేరు పైవరుసలోనే ఉంటుంది, కాబట్టి ఇది షో కోసం పెట్టింది కాదు.

అయితే ఫోన్‌కి ఎంత గట్టి లాక్ వేసినా లోపలి బోర్డుకి నేరుగా వైర్ కలిపితే ఏమవుతుంది? 2022లో లండన్‌లో ఒక కార్ సెక్యూరిటీ రీసెర్చర్ సొంత టొయోటా రావ్4నే దొంగలు ఎత్తుకెళ్లారు. ఆయన తవ్వి చూస్తే దొంగలు తాళం జోలికే వెళ్లలేదని తేలింది. ముందు హెడ్‌లైట్ దగ్గర బంపర్ లాగి, అక్కడున్న వైర్లకి ఒక చిన్న పరికరం తగిలించారు. కారులోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే లైన్‌ని క్యాన్ బస్ అంటారు. ఆ పరికరం అందులోకి దూరి "తాళం ఇక్కడే ఉంది, తలుపు తియ్యి" అని అబద్ధం చెప్పింది. కారు నమ్మేసింది. 2023 ఏప్రిల్‌లో ఈ వివరాలు బయటికొచ్చాక ఈ పద్ధతికి క్యాన్ ఇంజెక్షన్ అనే పేరు స్థిరపడింది.

పాఠం ఏంటంటే, తలుపుకి వేసిన తాళం ఒక్కటే సెక్యూరిటీ కాదు. లోపలి కంప్యూటర్లు ఒకరి మాట ఒకరు గుడ్డిగా నమ్ముతున్నాయా, సరిచూసుకుంటున్నాయా అన్నది అసలు విషయం. అది స్పెక్ షీట్‌లో ఉండదు.

బెంచ్‌మార్క్ చీటింగ్ ఫోన్లకే పరిమితం కాదు

కొన్ని ఫోన్ కంపెనీలు బెంచ్‌మార్క్ యాప్ తెరవగానే ప్రాసెసర్‌ని ప్రత్యేకంగా పరిగెత్తించి స్కోర్లు పెంచుకుని దొరికిపోవడం మనందరికీ తెలుసు. 2024 జనవరి 29న అలాంటి వార్తే ఈ కారుకి సంబంధించి వచ్చింది. టొయోటా కోసం డీజిల్ ఇంజిన్లు తయారుచేసే టొయోటా ఇండస్ట్రీస్, మూడు ఇంజిన్ల హార్స్‌పవర్ సర్టిఫికేషన్ పరీక్షల్లో అసలు ఉత్పత్తిలో వాడే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరే సాఫ్ట్‌వేర్ ఉన్న ఈసీయూ వాడిందని విచారణ కమిటీ తేల్చింది. ఫలితాలు తక్కువ తేడాలతో నున్నగా కనిపించాలని చేసిన పని. ఆ మూడింట్లో ల్యాండ్ క్రూజర్ 300 డీజిల్ ఇంజిన్ కూడా ఉంది.

మాస్ ప్రొడక్షన్ ఇంజిన్లని మళ్లీ పరీక్షిస్తే చెప్పిన పవర్ వస్తోందని, వాడకం ఆపాల్సిన పని లేదని టొయోటా చెప్పింది. షిప్‌మెంట్లు కొంతకాలం ఆగి మళ్లీ మొదలయ్యాయి. అయినా నా అభిప్రాయం ఒకటే. నంబర్ నిజమే అయినా, దాన్ని కొలిచిన తీరు అబద్ధమైతే నమ్మకం పోతుంది. "టొయోటా అంటే నమ్మకం" అని కళ్లు మూసుకునే వాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఆ తర్వాతి నెలలోనే ఇండియాలో 269 ల్యాండ్ క్రూజర్ 300లని రీకాల్ చేశారు. కారణం విరిగిన పార్ట్ కాదు. ట్రాన్స్‌మిషన్‌కి సంబంధించిన ఈసీయూలో సాఫ్ట్‌వేర్ రీప్రోగ్రామ్ చెయ్యాలి. ఒక రకంగా బగ్ ఫిక్స్ అప్‌డేట్. కానీ ఫోన్‌లా రాత్రి వైఫైకి పెట్టి పడుకుంటే అయ్యే పని కాదు. రెండు కోట్ల బండిని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.

ధర ఎందుకు అంత?

200ని బీఎస్6 నిబంధనలు వచ్చినప్పుడు 2020లో ఇక్కడ ఆపేశారు. 300 ధర 2023 జనవరిలో ఆటో ఎక్స్‌పోలో బయటికొచ్చింది: 2.10 కోట్లు, ఎక్స్-షోరూం. 2025 ఫిబ్రవరికి జెడ్ఎక్స్ 2.31 కోట్లు, జీఆర్-ఎస్ 2.41 కోట్లు అయ్యాయి. బండి జపాన్ నుంచి పూర్తిగా తయారై వస్తుంది, కాబట్టి దిగుమతి సుంకమే దాదాపు కారు విలువంత. దాని పైన జీఎస్టీ, ఆపైన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్.

రేంజ్ రోవర్ ఇక్కడ వేరే దారి పట్టింది. 2024 మేలో పుణెలో అసెంబ్లింగ్ మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. బ్రిటన్ బయట రేంజ్ రోవర్ తయారవడం అదే మొదటిసారి. దాంతో ధర 2.36 కోట్ల నుంచి మొదలైంది. ఫోన్లు ఇక్కడే అసెంబుల్ చెయ్యడం మొదలయ్యాక ధరల్లో వచ్చిన తేడా లాంటిదే, సున్నాలు మాత్రం ఎక్కువ.

ఇక డిమాండ్ సంగతి చెప్పాలంటే, జపాన్‌లో వెయిటింగ్ నాలుగేళ్ల వరకు ఉండొచ్చని 2022 మొదట్లో టొయోటానే చెప్పింది. కొన్నాక ఏడాది వరకు అమ్మనని కొనేవాళ్ల దగ్గర ముందే సంతకం తీసుకున్నారు. ఫ్లాష్ సేల్‌లో ఫోన్ కొట్టేసి ఎక్కువకి అమ్ముకునే బ్యాచ్ అక్కడా ఉందన్నమాట.

చిన్నాన్న ప్రశ్నకి జవాబు

ఘాట్ మధ్యలో ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు?

కమాండర్ ఆగిపోతే చిన్నాన్నే బాగుచేసేవాడు. డీజిల్ పైపులో గాలి చేరితే పంపు కొట్టి తీసేవాడు, బెల్టు తెగితే ఉన్న దాంతో ఏదో ఒకటి చేసి కొండ దించేవాడు. బండి నెమ్మది, పొగ, కుదుపు అన్నీ ఉన్నాయి. కానీ దాని రహస్యాలన్నీ ఆయనకి తెలుసు.

300 అలా ఆగిపోయే అవకాశం చాలా తక్కువ. ఆ విషయంలో టొయోటా చాసిస్, వీల్‌బేస్, బటన్ల దగ్గర తీసుకున్న జాగ్రత్తంతా కనిపిస్తుంది. కానీ ఆగిపోతే మాత్రం చోడవరంలో కాదు కదా, అనకాపల్లిలో మంచి మెకానిక్ ఉన్నా బానెట్ ఎత్తి చేసేదేం లేదు. కంపెనీ స్కానర్ కావాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. ట్రక్కు మీద విశాఖపట్నం తీసుకెళ్లాలి.

ఇది ఒక్క టొయోటా సమస్య కాదు. బ్యాటరీ మార్చుకోలేని ఫోన్, వేరే షాపులో స్క్రీన్ వేయిస్తే "ఒరిజినల్ కాదు" అని మెసేజ్ చూపించే ఫోన్.. అదే కథ. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచినప్పుడు మొబైల్స్, ఎలక్ట్రానిక్స్‌తో పాటు ఆటోమొబైల్స్‌నీ, వ్యవసాయ యంత్రాలనీ, ఇంట్లో వాడే వస్తువులనీ అందులో పెట్టింది. పోర్టల్ ఉండటం మంచిదే. కానీ స్కానర్, సాఫ్ట్‌వేర్ ఊళ్లో మెకానిక్ చేతికి అందేదాకా "రిపేర్ హక్కు" అనేది కాగితం మీదే ఉంటుంది.

300 రీడిజైన్ బలం, బలహీనత నాకు ఇక్కడే కనిపించాయి. తోలే వాడి నుంచి ఏదీ లాక్కోకూడదని టొయోటా బాగా ఆలోచించింది. బాగుచేసే వాడి గురించి మాత్రం అంత ఆలోచించలేదు.

రీడిజైన్ చూసినప్పుడు అడగాల్సిన మూడు ప్రశ్నలు

1. ఏది మార్చలేదు? ఎందుకు? ఖర్చు మిగుల్చుకోడానికి పాతది ఉంచారా, లేక అదే సరైనది కాబట్టి ఉంచారా? 2,850 రెండో రకం. మూడేళ్లుగా అదే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఇస్తున్న ఫోన్ మొదటి రకం.

2. తీసేసిన దాని వల్ల లాభం ఎవరికి? వీ8 తీస్తే బలం పెరిగి బరువు తగ్గింది, లాభం మనకి. ఏసీ నాబ్ తీసి స్క్రీన్‌లో పెడితే లాభం ఎవరికో మీరే ఆలోచించండి. హెడ్‌ఫోన్ జాక్ గుర్తొచ్చిందా?

3. పదేళ్ల తర్వాత దీన్ని ఎవరు బాగుచేస్తారు? ఈ ప్రశ్న నాది కాదు, మా చిన్నాన్నది.

ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు మాడుగుల హల్వా పొట్లం చేతిలో పెడుతూ, "ఆ బండి మీద రాసేవా?" అని అడిగాడు. రాస్తున్నానని చెప్పాను. "బాగుందనే రాయి. కానీ నా జీపు మీద కూడా ఒక ముక్క రాయి" అన్నాడు. రాశాను చిన్నాన్నా.